నిలువు ఉలికిపాటు

అడ్డం జేబులో పెన్ను పెట్టుకుని మరీ బయల్దేరాడు. సంతకం పెట్టడానికి కాదు. పెట్టనని చెప్పి, ఆ పెన్నుకు మూత బిగించి మళ్ళీ జేబులో దోపుకోవడానికి. అలా చేస్తే చూసేవాళ్ళకు బాగుంటుందని పొద్దున్నే అద్దం ముందు రెండుసార్లు చేసి చూసుకున్నాడు కూడా. డెబ్భై నాలుగేళ్ళు వచ్చినా నటుడు నటుడే.

అతని అసలు పేరు ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. పొడుగెంతో వెడల్పూ అంతే ఉంటాడు కాబట్టి జనం అడ్డం అన్నారు. నలభై ఏళ్ళు అతని పక్కన నిలబడ్డవాడు కరెంటు స్తంభంలా ఉంటాడు కాబట్టి వాణ్ణి నిలువు అన్నారు. "నిలువూ అడ్డం" అని గోడమీద ఒక్క పోస్టరు పడితే చాలు, హాలు కిక్కిరిసేది. అడ్డం నోటికొచ్చినట్టు వాగేవాడు, నిలువు మొహం గంటు పెట్టుకుని ప్రశ్నలు అడిగేవాడు. అడిగేవాడు లేకపోతే వాగేవాడు ఒట్టి పిచ్చివాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, కానీ ఒప్పుకున్నది ఒక్కడే, అదీ అడ్డం కాదు.

"మామయ్యా, బెల్టు," అంది కోడలు కారు తీస్తూ.

"నా బొజ్జకి సరిపడే బెల్టు ఈ కారులో లేదమ్మాయ్. ఇంతకీ వాడు నన్ను నట్టేట ముంచిన ఘట్టం సినిమాలో ఉందా, లేదా? అది లేకపోతే మాత్రం సంతకం పెట్టేది లేదు. నా మాటంటే మాటే."

"ఉంటుంది మామయ్యా."

"నీకెలా తెలుసు?"

కోడలు సిగ్నల్ దగ్గర బండి ఆపింది. "అది లేకుండా మీ కథ ఎలా తీస్తారు?" అంది ముందుకు చూస్తూనే.

నిజమే, ఎలా తీస్తారు? నాలుగేళ్ళు గడిచినా ఆ సాయంత్రం అడ్డానికి నిన్నటిలా ఉంది. నిండు హాలు. తన మాట తను శుభ్రంగా చెప్పాడు. తరవాతి ప్రశ్న నిలువు అడగాలి. అడగలేదు, గుడ్లప్పగించి నిలబడ్డాడు. నిలబడి నిలబడి, కళ్ళద్దాలు తీసి జనంతో, "క్షమించండి, నాకు మాట గుర్తు రావడం లేదు" అన్నాడు. తెర పడింది. మర్నాడు పేపర్లో ప్రకటన, మతిమరుపు వచ్చింది, ఇక వేదిక ఎక్కను అని. పక్కవాడితో ముందుగా ఒక్క ముక్క అనలేదు! ఒక కాలు విరిగిపోతే రెండో కాలు ఎంత మంచిదైతే మాత్రం ఏం లాభం? అడ్డం ఆట కూడా అక్కడితో కట్టు. ఆ రోజే నిలువు ఇంటి గుమ్మంలో నిలబడి, "చచ్చేదాకా నీ మొహం చూడను" అనేసి వచ్చాడు. చూడలేదు కూడా. ఇప్పుడెవరో డైరెక్టరమ్మ వాళ్ళిద్దరి స్నేహం మీద సినిమా తీసిందట. స్నేహమట, స్నేహం! ఇద్దరూ సంతకం చేస్తేగానీ అది బయటికి రాదు. నిలువు పెట్టేశాడట. వాడికేం, వాడి పరువు పోలేదుగా.

ప్రివ్యూ హాలు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే కాఫీ మిషను, దాని పక్కన చెప్పుల స్టాండు, గాజు తలుపు వెనక కంప్యూటర్ల ముందు వంగి కూర్చున్న మనుషులు. హాలంటే హాలు కాదు, నలభై కుర్చీల గది. మూడో వరసలో చివరి కుర్చీ మీద అప్పటికే ఒక దిండు వేసి ఉంది. తనకు నడుం నొప్పని వీళ్ళకెవరు చెప్పారా అని అడ్డం లోలోపల మురిసిపోయాడు. వెనక చిన్న కిటికీలోంచి ప్రొజెక్టరు అతను చుట్టాన్ని చూసినట్టు చెయ్యి ఊపాడు. జనం నన్నింకా మరిచిపోలేదు అనుకున్నాడు.

డైరెక్టరమ్మకు ముప్పై అయిదేళ్ళుంటాయి. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని ఉంది.

"చూడమ్మా, నాకు నచ్చకపోతే మొహం మీదే చెప్తాను," అన్నాడు అడ్డం.

"చెప్పండి సార్. మీరు దాచుకునే మనిషి కాదుగా," అని నవ్వి దీపాలు ఆర్పించింది. కోడలు పక్క కుర్చీలో కూర్చుని హ్యాండ్‌బ్యాగులోంచి చేతిరుమాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇంకా పేర్లే పడలేదు, అప్పుడే ఏడుపెందుకు అనుకున్నాడు అడ్డం. ఆడవాళ్ళు సినిమాకు వచ్చేదే అందుకని సరిపెట్టుకున్నాడు.

సినిమా బాగుంది. ఆ మాట ఒప్పుకోవడానికి ప్రాణం ఒప్పలేదుగానీ బాగుంది. తన వేషం వేసిన కుర్రవాడు నడుము ఊపుతూ నడవడం అచ్చు దించేశాడు. నిలువు వేషం వేసినవాడు ఇంకా నయం, మెడ కూడా సాగదీసుకుని వచ్చినట్టున్నాడు. అరగంట గడిచేసరికి బీరువా ఆట వచ్చింది.

ఆ ఆటే వాళ్ళకు అన్నం పెట్టింది. నిలువు ఆఫీసరు, అడ్డం గుమాస్తా. ఆఫీసరు వచ్చి బీరువా తెరుస్తాడు, లోపల గుమాస్తా నిలబడి ఉంటాడు. ఆఫీసరు ఉలిక్కిపడతాడు. ఎడమ చెయ్యి గుండె మీదకు పోతుంది, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారతాయి, కాలు అరడుగు వెనక్కి పడుతుంది. "బీరువాలో ఏం చేస్తున్నావయ్యా?" "ఫైలు పోయింది కదండీ. అది దొరికేదాకా దాని చోటు ఎవరూ ఆక్రమించకుండా కాపలా ఉన్నాను." "మరి తలుపెందుకు వేసుకున్నావ్?" "ఉన్న ఫైళ్ళు పారిపోకుండానండీ." అలా సాగుతుంది ముప్పావుగంట.

మూడువేలసార్లు ఆడి ఉంటారు. మూడువేలసార్లూ నిలువు అప్పుడే మొదటిసారి చూసినట్టు ఉలిక్కిపడ్డాడు. "నువ్వు చెప్పింది నేను కొత్తగా వింటేనే జనం కొత్తగా వింటారు. నా పని అదొక్కటే," అనేవాడు. ఎంత తెలిసినా తెలియనట్టు ఉండటమే వాడి విద్య. వాణ్ణి ఒక్కసారైనా వేదిక మీద నిజంగా ఉలిక్కిపడేలా చెయ్యాలని అడ్డం నలభై ఏళ్ళు చెయ్యని ప్రయత్నం లేదు. బీరువాలో వెనక్కి తిరిగి నిలబడ్డాడు. భార్య చీర కట్టుకుని నిలబడ్డాడు. ఒకసారి బతికున్న కోడిని పట్టుకుని నిలబడ్డాడు. అదే చెయ్యి, అవే కళ్ళద్దాలు, అదే అరడుగు. ఆవగింజంత తేడా లేదు.

నిలువు నిజంగా అదిరిపోతే ఏమవుతుందో అడ్డానికి తెలుసు. మనిషి కొయ్యబారిపోతాడు, ఆపైన ఎక్కిళ్ళు పట్టుకుంటాయి. లోకంలో అందరికీ ఉలిక్కిపడితే ఎక్కిళ్ళు ఆగుతాయి, వీడికి మొదలవుతాయి. అడ్డం విన్నది రెండేసార్లు. సామాను లారీ బ్రేకులు పోయి మీదికొచ్చినప్పుడొకసారి, నర్సు బయటికొచ్చి కవలలని చెప్పినప్పుడొకసారి. ఈ సంగతి నిలువు భార్యకు, అడ్డానికి తప్ప మూడో మనిషికి తెలియదు. డైరెక్టరమ్మ సినిమాలో కూడా లేదు. అది చూసి అడ్డానికి ఎందుకో కాస్త హాయిగా అనిపించింది.

ఆ హాయి ఎంతోసేపు నిలవలేదు. తెర మీద బీరువా లోపలి భాగం కనపడింది. తలుపు లోపలివైపు, సుద్దముక్కతో, పెద్ద పెద్ద అక్షరాలు. "ఫైలు చోటుకు కాపలా." దాని కింద, "పారిపోకుండా." ఆ కింద ఇంకా బోలెడు. నిలువు వేషం వేసిన కుర్రవాడు ఆట మొదలవకముందే వచ్చి, ఎవరూ చూడకుండా అవి రాసి పోతున్నాడు.

అడ్డానికి ఆ రాతలు గుర్తున్నాయి. చివరి ఏడాది ఉండేవి. నిలువుకు బుర్ర పనిచెయ్యడం లేదని, చీటీలు రాసుకుంటున్నాడని ట్రూపులో అందరి ముందూ వెక్కిరించాడు కూడా. నిలువు తల వంచుకుని విన్నాడు.

కానీ ఆ బీరువాలోకి వెళ్ళేది తను ఒక్కడే. తలుపు వేసుకుంటే లోపలివైపు కనపడేది తన ఒక్కడికే.

"ఇదేంటమ్మాయ్?" అన్నాడు అడ్డం. కోడలు అతని చెయ్యి పట్టుకుంది.

చివరి ఆట వచ్చింది. తెర మీద అడ్డం వేషం కుర్రవాడు బీరువాలోంచి, ఫైలు దొరికేదాకా కాపలా ఉన్నానన్నాడు. జనం నవ్వారు. మరి తలుపెందుకు వేసుకున్నావని అడిగాడు నిలువు. "ఫైలు దొరికేదాకా కాపలా ఉన్నానండీ," అన్నాడు మళ్ళీ తెర మీది అడ్డం.

"అబద్ధం!" అడ్డం లేచి నిలబడ్డాడు. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "పచ్చి అబద్ధం! వాడు చెప్పాడా ఇలా? నా మాట నేను చెప్పాను! ఆపండి!"

ఎవరూ ఆపలేదు. తెర మీది బొమ్మ మారింది. రంగులు వెలిసిపోయి, కాస్త వణుకుతూ, హాలు వెనకనుంచి ఎవరో తీసిన అసలు వీడియో. అందులో ఉన్నది కుర్రవాళ్ళు కాదు, వాళ్ళిద్దరే. అసలు నిలువు, అసలు అడ్డం. నిలువు అడుగుతున్నాడు. అడ్డం సొంత గొంతు, కంచులాంటి ఆ గొంతు, చెప్పిందే చెబుతోంది. రెండోసారి. మూడోసారి. నిలువు ప్రశ్నలోనే జవాబు కలిపి అందిస్తున్నాడు, "ఉన్న ఫైళ్ళు పారిపోతాయనా ఏం?" అని. అడ్డం నవ్వు మొహంతో నాలుగోసారి అదే మాట అన్నాడు. జనం నవ్వడం మానేశారు. వెనక వరసలో ఎవరో ఈల వేశారు. నిలువు ఒక్క క్షణం అడ్డం మొహంలోకి చూశాడు. అప్పుడు కళ్ళద్దాలు తీసి జనం వైపు తిరిగాడు. "క్షమించండి, నాకు మాట గుర్తు రావడం లేదు."

ఆ వెనకే నిలువు ఇంటర్వ్యూ. తెల్లబడ్డ జుట్టు, అదే గంటు మొహం. "మరిచిపోయింది నేనేనండీ. వాడికేం, నిక్షేపంలా ఉన్నాడు. వాడి పేరు దీన్లోకి లాగకండి."

అడ్డం నిలువునా నీరైపోయాడు. దీపాలు వెలిగాక కూడా కుర్చీలోంచి లేవలేకపోయాడు. నాలుగేళ్ళు! ఎన్ని తిట్లు, ఎన్ని శాపనార్థాలు! తన పరువు కోసం తన నెత్తిన బురద పోసుకున్నవాడి గుమ్మంలో నిలబడి, చచ్చేదాకా నీ మొహం చూడనన్నాడు.

"ఆయన చెప్పలేదు సార్," అంది డైరెక్టరమ్మ నెమ్మదిగా. "వాళ్ళావిడ చెప్పింది. వీడియో కూడా ఆవిడే ఇచ్చింది."

"కాగితం ఎక్కడ? సంతకం పెడతాను," అన్నాడు అడ్డం పెన్ను తీస్తూ. మూత జారి కింద పడిపోయింది.

ఆమె వంగి మూత తీసి ఇచ్చింది. "తొందరేం లేదు సార్. ముందు ఆయన్ని చూసి రండి."

కారులో అడ్డం ఒక్కటే మాట మళ్ళీ మళ్ళీ అనుకున్నాడు, వాడు తలుపు వేసేస్తే? మొహం మీద వేసేస్తే? వెయ్యడానికి వాడికి హక్కుంది. అప్పుడేదో ఆ రోజుల్లో నా బుర్ర తిరిగింది, ఇప్పుడు బాగానే ఉన్నానురా, నన్ను క్షమించు అనాలి. ఎలా మొదలుపెట్టాలి? కోడలు దారి అడగకుండానే రెండు సందులు తిరిగి ఆకుపచ్చ గేటు ముందు ఆపింది.

మెట్లు నాలుగే. ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. గంట కొట్టాడు.

తలుపు తెరుచుకుంది. నిలువు. చిక్కిపోయాడు, ఇంకా పొడుగ్గా కనిపిస్తున్నాడు. అడ్డాన్ని చూడగానే ఎడమ చెయ్యి గుండె మీదకు పోయింది, కళ్ళద్దాలు ముక్కు చివరికి జారాయి, కాలు వెనక్కి పడి చెప్పుల మీద తడబడింది.

"నువ్వా!" అన్నాడు.

అడ్డం అనుకున్న మాటలన్నీ గాలికి పోయాయి. వాణ్ణి వాటేసుకుని, తల వాడి ఛాతీ దాకా కూడా అందక, చొక్కా గుండీల మీద భోరున ఏడ్చాడు. "ఒరేయ్, మరిచిపోయింది నేనట్రా. నువ్వు కాదట. చూశాను, ఇప్పుడే చూశాను. నన్ను చెప్పుచ్చుకు కొట్టరా."

"ఎవరు చెప్పారు నీకు!" అన్నాడు నిలువు. మళ్ళీ చెయ్యి గుండె మీదకు పోయింది. "రా, లోపలికి రా. నాలుగేళ్ళయిందిరా నిన్ను చూసి."

లోపల సోఫా, గోడ గడియారం, మందుల డబ్బా. నిలువు భార్య వంటింట్లోంచి వచ్చి, "రండన్నయ్యా, ఎన్నాళ్ళకెన్నాళ్ళకు," అంది. అడ్డం కళ్ళు తుడుచుకుంటూ సోఫాలో కూలబడ్డాడు. ఎదురుగా బల్ల మీద టీ గ్లాసులు ఉన్నాయి. నాలుగు. పోసి ఉంచినవి. ఒక దాని మీద మాత్రం సాసరు మూత పెట్టి ఉంది, చక్కెర వెయ్యని గ్లాసుకు ఇంట్లో కోడలు పెట్టే గుర్తులాగే.

అడ్డం ఆ గ్లాసు వంక చూశాడు. నిలువు వంక చూశాడు. ఏదో సరిపోలేదు. ఏడుపు మధ్యలోనే లోపలి పాత నటుడు లేచి కూర్చున్నాడు. చచ్చేదాకా మొహం చూడనన్నవాడు నాలుగేళ్ళ తరవాత చెప్పాపెట్టకుండా గుమ్మంలో నిలబడితే, లారీ మీదికొచ్చినంత అదురు ఉండాలి. అదే చెయ్యి. అవే కళ్ళద్దాలు. అదే అరడుగు. ఎక్కిళ్ళేవీ?

ఆ అనుమానం వెంటే మిగతావన్నీ వచ్చేశాయి. కుర్చీ మీద దిండు. ప్రొజెక్టరు అతని చెయ్యి. పేర్లు పడకముందే తీసిన చేతిరుమాలు. అడగకుండానే తిరిగిన సందులు.

"ఒరేయ్, ఇది ఎన్నోసారిరా?" అన్నాడు.

"ఏది?" నిలువు మొహంలో ఒక్క గీత కదల్లేదు.

"నేను రావడం. నువ్వు ఉలిక్కిపడటం."

నిలువు చెయ్యి గుండె మీదకు పోలేదు. కళ్ళద్దాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మనిషి కొయ్యబారిపోయాడు. కొంతసేపటికి ఆ పొడుగాటి మెడలో ఎక్కడో చిన్న కుదుపు పుట్టింది.

"హిక్," అన్నాడు.

గుమ్మం దగ్గర కోడలు చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తొమ్మిదో... హిక్... తొమ్మిదోసారి," అన్నాడు నిలువు. ఇక దాచలేదు. "మొదటిరోజే సంతకం పెట్టేశావు. ఇక్కడికొచ్చి సాయంత్రం దాకా కూర్చున్నావు. మర్నాడు మీ కోడలు ఫోన్ చేసింది, మళ్ళీ నన్ను తిడుతున్నావట, సినిమా ఎప్పుడు చూపిస్తారని అడుగుతున్నావట. నీకు పాతది పోవడం లేదురా, కొత్తది నిలవడం లేదు. అడిగినప్పుడల్లా చూపించమన్నాను. చూసిన రోజైతే వస్తావుగా. హిక్."

అడ్డానికి భయం వేసింది. చిన్నప్పుడు జాతరలో అమ్మ చెయ్యి జారినప్పుడు తప్ప ఎప్పుడూ అంత భయం వెయ్యలేదు. ఎనిమిది మధ్యాహ్నాలు ఈ గదిలో, ఈ సోఫాలో గడిపాడట. ఒక్కటీ లేదు. వెతికి చూశాడు, ఒక్కటంటే ఒక్కటి లేదు.

"ప్రతిసారీ ఏడ్చానా?" అన్నాడు.

"రెండోసారి కొట్టావు. ముందే ఎందుకు చెప్పలేదని. మూడోసారినుంచీ ఏడుస్తున్నావు."

"మరి దీన్ని... ఎప్పుడైనా పట్టుకున్నానా?"

"లేదురా. హిక్. ఇదే మొదలు."

అడ్డం మొహం మీద నీళ్ళింకా ఆరలేదు. కానీ ఆ మాట వినగానే పెదాలు వాటంతటవే సాగాయి. బొజ్జ కదిలింది. నలభై ఏళ్ళు చీరకూ కోడికీ లొంగనివాడు!

"రేపటికి నాకిది ఉండదు కదూ?" అన్నాడు.

"ఉండదు," అన్నాడు నిలువు. అబద్ధం చెప్పలేదు.

"అయితే విను. ఈసారి గుమ్మంలో చెప్పులు తీయించు. నీ అరడుగు వాటి మీద పడి తడబడింది. టీ కూడా ముందే పోసి ఉంచొద్దు, నాకు అనుమానం అక్కడే మొదలైంది. మళ్ళీసారి శుభ్రంగా వెయ్యి."

"అలాగే. హిక్," అన్నాడు నిలువు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకోలేదు.

భార్య గాభరాగా గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. "తాగండి, ముందు ఇవి తాగండి. ఎంతకీ ఆగడం లేదు."

అడ్డం చెయ్యి చాచి ఆ గ్లాసు అందుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఆపకమ్మా చెల్లెమ్మా," అన్నాడు. "నలభై ఏళ్ళ కష్టం. కాసేపు విననీ."